కంపెనీ మనుషులు – 9: నాడి పట్టిన చేయి, తీర్పు రాసిన చేయి

గత భాగంలో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా సైన్యం కలకత్తా పొలిమేరల్లో దిగేదాకా వచ్చాం. కోట పడిపోయిన రాత్రి గురించి మాట్లాడుకునే ముందు ఒక మనిషిని తెలుసుకోక తప్పదు. 1756 జూన్ 20 రాత్రి ఫోర్ట్ విలియం చీకటి కొట్లో ఏం జరిగిందని మనం బడిలో చదువుకున్నామో, అందులో చాలా భాగం ఆ ఒక్కడి కలం నుంచి వచ్చిందే. పేరు జాన్ జెఫానియా హాల్వెల్. నేర్చిన విద్య శస్త్రవైద్యం. ఈస్టిండియా కంపెనీలో మొదట పటాలం వైద్యుడిగా పనిచేశాడు, కలకత్తాలో స్థిరపడ్డాడు, అక్కడి దేశీయుల కేసులన్నీ తేల్చే కచేరీకి న్యాయాధికారి అయ్యాడు, చివరికి కొన్ని నెలలు గవర్నర్ గద్దె కూడా ఎక్కాడు. అతని మాట నమ్మాలా వద్దా అన్న తగాదా బెంగాల్‌లో తరాల తరబడి నడిచింది. ఒక పక్షం అతన్ని అమరుల కథ చెప్పిన సత్యవంతుడంది. రెండో పక్షం పచ్చి అబద్ధాలకోరంది. రెండూ పొరపాటేనని నా వాదన. హాల్వెల్ రాతల్లో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు రోగి పక్కన కూర్చుని కళ్ళారా చూసింది చూసినట్టు రాసుకునే వైద్యుడు. రెండోవాడు తీర్పు ముందే ఖాయం చేసుకుని దానికి తగ్గ లెక్కలు పేర్చే కచేరీ దొర. మొదటివాడి సాక్ష్యం నిలుస్తుంది, రెండోవాడి లెక్క నిలవదు. ఇద్దర్నీ విడదీయకుండా ఆ రాత్రి చరిత్ర రాయడం కుదరదు.

హాల్వెల్ 1711 సెప్టెంబరు 17న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి లండన్ కలప వ్యాపారి. కొడుకును కూడా వ్యాపారంలోకి దించాలని హాలండ్‌లో చదివించి రాటర్‌డాంలో గుమాస్తాగా పెట్టాడు. ఒళ్ళు చెడి ఆ పని మానుకున్న కుర్రాడు లండన్ గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడి దగ్గర శిష్యుడయ్యాడు. 1732లో ఓడ వైద్యుడి సహాయకుడిగా బెంగాల్ చేరాడు. ఆ రోజుల్లో కంపెనీ ఏటా కలకత్తా నుంచి పట్నా కొఠీకి గంగ మీద సరుకు పడవలు పంపేది. వాటికి కాపలాగా ఒక పటాలం వెళ్ళేది. ఆ పటాలానికి హాల్వెల్ వైద్యుడు. 1736 కల్లా కలకత్తాలో కాపురం పెట్టాడు. యూరపు వాళ్ళ వ్యాజ్యాలు విచారించే మేయర్ కోర్టులో ఆల్డర్‌మన్‌గా కూర్చున్నాడు, తర్వాత మేయర్ అయ్యాడు. మరోపక్క కంపెనీ ఆసుపత్రిలో పెద్ద వైద్యుడి దాకా ఎదిగాడు. పొద్దున రోగులనూ మధ్యాహ్నం వాదిప్రతివాదులనూ చూసే జీవితం అప్పుడే మొదలైంది.

అతని అసలు అధికారం మాత్రం మేయర్ కోర్టులో లేదు, జమీందారు కచేరీలో ఉంది. 1698లో సుతానుటి, కలికాత, గోవిందపూర్ అనే మూడు గ్రామాల జమీందారీ హక్కు కంపెనీ చేతికి వచ్చింది. కౌన్సిల్ సభ్యుల్లో ఒకరు జమీందారు పేరుతో ఆ గ్రామాలను ఏలేవాడు. శిస్తు వసూలు అతనిదే, విచారణా అతనిదే. 1749లో ఆరోగ్యం కోసం ఇంగ్లండ్ వెళ్ళిన హాల్వెల్, ఆ కచేరీలో జరుగుతున్న అక్రమాలను సరిదిద్దే పథకమొకటి రాసి డైరెక్టర్ల ముందు పెట్టాడు. వాళ్ళు మెచ్చి అతన్నే శాశ్వత జమీందారుగా నియమించారు. 1752లో బాధ్యత తీసుకున్నాడు. ఆ పదవి స్వభావాన్ని అతనే వివరంగా రాసిపెట్టాడు. సివిలైనా క్రిమినలైనా దేశీయుల మధ్య వచ్చే ప్రతి వ్యాజ్యమూ అక్కడే క్లుప్తంగా విచారించి తేల్చేయాలి. కొరడా, జరిమానా, ఖైదు అతని చేతిలోనే ఉంటాయి. తీర్పు వెలువడగానే శిక్ష అమలు. హత్యలాంటి నేరానికి చచ్చేదాకా కొరడాతో కొట్టమనే శిక్ష పడితే మాత్రం గవర్నర్ అనుమతి కోసం ఆగాలి. ఫిర్యాదు, విచారణ, తీర్పు, వసూలు అన్నీ ఒకే బల్ల దగ్గర జరిగే ఈ ఏర్పాటులో న్యాయాధికారిని ఎదురు ప్రశ్న అడిగేవాడు లేడు. తన ముందున్న సాక్ష్యాన్ని ఇంకొకరు పరీక్షిస్తారన్న భయం లేని చోట మనిషికి ఎలాంటి అలవాటు పడుతుందో హాల్వెల్ తర్వాతి జీవితం చెబుతుంది.

ఆ అలవాటు మొదట కనిపించింది గోవిందరాం మిత్ర విషయంలో. ఇంగ్లిషు జమీందార్లు వస్తూ పోతూ ఉంటే దాదాపు ముప్పై ఏళ్ళు కచేరీని నిజంగా నడిపించింది వాళ్ళ కింది జమీందారుగా ఉన్న ఈ మిత్రయే. చిత్పూర్ రోడ్డు మీద ఆకాశాన్నంటే గుడి కట్టించినవాడు. అతని చేతికర్ర బెంగాలీ నానుడిలోకి ఎక్కింది. నెల జీతం ముప్పై రూపాయలతో మొదలై యాభైకి చేరింది. ఆ జీతంతో ఆ వైభవం ఎలా వచ్చిందని హాల్వెల్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. బజార్ల పాటలు బినామీ పేర్లతో తనే పాడుకున్నాడన్న ఆరోపణలో నిజముంది. హాల్వెల్ లెక్కలు తోడి, మిత్రను పదవి నుంచి తీయించి, శిస్తు ఆదాయం పెంచాడు. కానీ మిత్ర జవాబులో కూడా పస ఉంది. ఈ జీతంతో ఈ పదవి హోదా నిలబెట్టడం ఎవరికీ సాధ్యం కాదని, పైన ఉన్న దొరలందరికీ ఇది తెలిసిన సంగతేనని అతను వాదించాడు. కంపెనీ ఉద్యోగులే సొంత వ్యాపారాలతో బతికే కాలం అది. హాల్వెల్ ఆ వాదనకు చెవి ఒగ్గలేదు. అతనికి మిత్ర ఒక వ్యవస్థలో భాగంగా కాక ఒక నేరస్తుడిగానే కనిపించాడు.

ఇక వైద్యుడి సంగతి. మశూచికి ముందుజాగ్రత్తగా దేశీయులు చేసే చికిత్స మీద హాల్వెల్ 1767లో లండన్ వైద్యుల కళాశాలకు సమర్పించిన నివేదిక, నా ఉద్దేశంలో, అతని రాతలన్నిటిలోకీ విలువైనది. జెన్నర్ ఆవు మశూచితో టీకా కనిపెట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందటి మాట. కాశీ, అలహాబాద్, బృందావనం వైపు నుంచి బ్రాహ్మణులు చిన్న చిన్న జట్లుగా బయల్దేరి, వ్యాధి చెలరేగే వేసవికి ముందే బెంగాల్ చేరేవాళ్ళు. ఇంటి గడప దగ్గరే పని. మగవాళ్ళకు మణికట్టుకూ మోచేతికీ మధ్య, ఆడవాళ్ళకు మోచేతికీ భుజానికీ మధ్య చోటు ఎంచుకునేవాళ్ళు. ముందు పొడిగుడ్డతో ఎనిమిది పది నిమిషాలు రుద్దేవాళ్ళు. తర్వాత చిన్న ఇనుప పనిముట్టుతో చిన్న వెండి నాణెమంత మేర చర్మం మీద గాట్లు పెట్టి, పుండు రసం ఇంకిన దూది ముక్కను రెండు మూడు గంగాజలం చుక్కలతో తడిపి ఆ గాటు మీద కట్టేవాళ్ళు. ఆ రసం కొత్తగా అమ్మవారు పోసిన మనిషిది కాకూడదు. గత ఏడాది ఇలాగే వేయించుకున్నవాళ్ళ పొక్కుల నుంచి తీసి దాచింది కావాలి. నెల పాటు చేప, పాలు, నెయ్యి ముట్టకూడదు. జ్వరం వచ్చేదాకా ఉదయం సాయంత్రం నెత్తిన చన్నీళ్ళు పోయాలి. రోగిని గదిలో మూయకుండా గాలిలో ఉంచాలి. బీదవాళ్ళ దగ్గర పుచ్చుకునేది కొన్ని గవ్వలు.

ఈ వర్ణనలో నాకు ముఖ్యంగా తోచేది పద్ధతి. ఎక్కడ, ఎంత మేర, ఎన్ని నిమిషాలు, ఏ పథ్యం అని తనలాంటి మరో వైద్యుడు చదివి మళ్ళీ చేయగలిగేలా రాశాడు. యూరపు వైద్యులు అప్పటికి రోగిని వెచ్చటి గదిలో మూసిపెట్టేవాళ్ళు. చన్నీళ్ళూ చల్లగాలీ మొదట తనకూ సాహసంగానే కనిపించాయని, అనుభవం మీద ఆ అభిప్రాయం వదులుకున్నానని ఒప్పుకున్నాడు. వ్యాధికి కారణం గాలిలో తేలే కంటికి కనపడని సూక్ష్మజీవులని ఆ బ్రాహ్మణులు చెప్పిన మాటను కూడా ఎగతాళి చేయకుండా నమోదు చేశాడు. ఇదంతా కల్పన అనడానికి వీల్లేదు. 1731లోనే రాబర్ట్ కోల్ట్ అనే మరో ఇంగ్లిషు వాడు బెంగాల్ నుంచి ఇలాంటి చికిత్స గురించే లేఖ రాశాడు. ఒకరిపై ఒకరు ఆధారపడని ఇద్దరి మాట కలిసింది. చర్మం, జ్వరం, పథ్యం గురించి మాట్లాడేటప్పుడు హాల్వెల్ నమ్మదగిన మనిషి.

అదే మనిషి 1760లో ఏం చేశాడో చూడండి. గవర్నర్ క్లైవ్ ఇంగ్లండ్ వెళ్ళిపోగా, వాన్సిటార్ట్ వచ్చేదాకా హాల్వెల్ తాత్కాలిక గవర్నర్. నవాబు మీర్ జాఫర్‌ను దింపి అల్లుడు మీర్ ఖాసింను ఎక్కించాలని పట్టుబట్టింది అతనే. అందుకు సమర్థనగా, ఢాకాలో సిరాజుద్దౌలా బంధువర్గాన్ని మీర్ జాఫర్ చంపించాడని పేర్లతో సహా అభియోగపత్రం రాశాడు. గద్దె మారింది. మీర్ ఖాసిం ఇచ్చిన కానుకల్లో హాల్వెల్ వాటా 2,70,000 రూపాయలు, అంటే 30,937 పౌన్లని తర్వాత పార్లమెంటు విచారణలో తేలింది. 1766లో క్లైవ్, అతని కౌన్సిల్ ఆ హత్యల ఆరోపణను విచారించి డైరెక్టర్లకు రాశారు. హాల్వెల్ చచ్చిపోయారన్న మనుషులు, ఇద్దరు తప్ప, అందరూ బతికే ఉన్నారు. ఆ ఇద్దర్నీ చంపించింది మీర్ జాఫర్ కొడుకు మీరన్, అదీ నవాబుకు తెలియకుండా. క్లైవ్ కౌన్సిల్‌కూ సొంత ప్రయోజనాలు ఉన్నాయి, నిజమే. కానీ బతికున్నవాళ్ళను బతికున్నారనడానికి పక్షపాతం అక్కర్లేదు. కచేరీ అలవాటు ఇక్కడ పరాకాష్ఠకు చేరింది. తీర్పు ముందు వచ్చింది, శవాల జాబితా తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. జూన్ 19న గవర్నర్ డ్రేక్, సైన్యాధికారి మించిన్ ఓడలెక్కి పారిపోయారు. కౌన్సిల్‌లో కింది వరసలో ఉన్న హాల్వెల్ కోట బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఆ ధైర్యాన్ని తక్కువ చేయకూడదు. 20 సాయంత్రానికి కోట లొంగింది. బందీలను తోసిన గది ఇంగ్లిషు వాళ్ళే తమ సిపాయిల శిక్ష కోసం వాడుకునే బందీఖానా. దానికి రెండే చిన్న కమ్మీల కిటికీలు. 1757 ఫిబ్రవరిలో సైరెన్ అనే ఓడలో కూర్చుని విలియం డేవిస్ అనే మిత్రుడికి రాసిన లేఖలో, ఆ గదిలో మనిషి ఒళ్ళు ఎలా ఓడిపోతుందో గంటల వారీగా చెప్పాడు. కొన్ని నిమిషాల్లోనే చెమటలు ధారలు కట్టాయి. తర్వాత దాహం. కిటికీలోంచి టోపీల్లో అందించిన నీళ్ళు పెనుగులాటలో ఒలికిపోయాయి. తాగినకొద్దీ దాహం పెరిగింది. ఛాతీలో నొప్పి, గుండెదడ, ముక్కు పగిలే ఘాటు వాసన. తన చొక్కా చేతిలోని చెమట పీల్చుకున్నానని, మూత్రం తాగబోయి చేదుకు తాగలేకపోయానని రాశాడు. తెలివి తప్పుతుంటే కెప్టెన్ మిల్స్ కిటికీ దగ్గరి తన చోటు ఇచ్చి బతికించాడు. సంకెళ్ళతో ముర్షిదాబాద్‌కు పడవలో తీసుకుపోతుంటే దొరికింది అన్నమూ నీళ్ళే. ఆ పథ్యమే తమను బతికించిందని వైద్యుడిగా అభిప్రాయపడ్డాడు. ఒంటినిండా లేచిన సెగ్గడ్డలను కోలుకోవడానికి గుర్తుగా చదివాడు.

ఎంతమంది? 146 మందిని తోస్తే 23 మంది మిగిలారని ఆ లేఖ లెక్క. ఆ అంకె ఎలా తయారైందో గమనించాలి. 1756 జులైలో ముర్షిదాబాద్ నుంచి రాసిన తొలి ఉత్తరంలో లోపలికి వెళ్ళినవాళ్ళు 165 నుంచి 170 మంది, బతికింది 16 మంది. ఆగస్టు ఉత్తరంలో దాన్ని మార్చాడు. గదిని దాదాపు పద్దెనిమిది అడుగుల ఘనంగా వర్ణించాడు. తర్వాత కొలిస్తే 18 అడుగులకు 14 అడుగుల 10 అంగుళాలు తేలింది. అంత జాగాలో 146 మంది పట్టరని అక్షయ్ కుమార్ మైత్రేయ లాంటి బెంగాలీ చరిత్రకారులు వాదించారు. భోలానాథ్ చందర్ వెదురు కంచె కట్టి, మనుషుల్ని నిలబెట్టి చూపించాడు. ఈ వాదన మీద నాకు అంత గురి లేదు. 267 చదరపు అడుగుల్లో 146 మంది అంటే చదరపు మీటరుకు ఆరుగురు. ముంబయి లోకల్ రైళ్ళలో రద్దీవేళ అంతకు రెట్టింపు పైనే నిలబడుతున్నారు. పట్టడం పట్టగలరు. అసలు చిక్కు వేరే చోట ఉంది, హాల్వెల్ సొంత లెక్కలోనే. డ్రేక్ పారిపోయాక కోటలో మిగిలిన పోరాడగలవాళ్ళు 170 దాకా. రాత్రికి రాత్రే యాభై మందికి పైగా సైనికులు శత్రువుల్లో కలిశారు. మర్నాడు మధ్యాహ్నానికి 25 మంది చచ్చారు. కోట తలుపు తెరుచుకున్న గందరగోళంలో మరికొందరు జారుకున్నారు. ఈ తీసివేతలన్నీ చేశాక 146కు చేరడం కష్టం. బ్రిజేన్ గుప్తా ఆధారాలన్నీ పోల్చి 64 మంది లోపలికి వెళ్ళారని, 21 మంది బతికారని అంచనా కట్టాడు. నాకు అదే సమంజసంగా కనిపిస్తుంది.

అయితే మొత్తం కట్టుకథేనా? 1915లో జె.హెచ్. లిటిల్ అలాగే వాదించాడు. ఇంగ్లిషు వాడే అయినా అంత మాట అన్నందుకు మరుసటి ఏడాది కలకత్తా హిస్టారికల్ సొసైటీలో బహిరంగ చర్చే జరిగింది. అతని ఆధారాలు తీసిపారేయదగ్గవి కావు. సియరుల్ ముతాఖ్ఖరీన్ అనే చరిత్ర రాసిన గులాం హుసేన్ ఆ గది ఊసే ఎత్తలేదు. 1757 ఫిబ్రవరి 9న కుదిరిన అలీనగర్ సంధిలో ఆస్తి నష్టం, కోట గోడలు, టంకశాల ఉన్నాయి గానీ ఆ మృతుల కోసం పరిహారం లేదు. కానీ మౌనం వేరు, ఖండన వేరు. నవాబు దర్బారు చరిత్ర రాసేవాడికి ఒక రాత్రి కొన్ని పదుల మంది పరదేశీ బందీల చావు పెద్ద సంగతి కాకపోవచ్చు. సంధి రాసిన వ్యాపారులకు చనిపోయినవాళ్ళకంటే టంకశాల ముఖ్యమైంది. మరోపక్క కౌన్సిల్ కార్యదర్శి జాన్ కుక్ 1772లో పార్లమెంటు కమిటీ ముందు తను కూడా ఆ గదిలో ఉన్నానని సాక్ష్యమిచ్చాడు. అతను చెప్పిన అంకె హాల్వెల్ అంకెకు దగ్గరగా ఉంది గానీ, అప్పటికి హాల్వెల్ పుస్తకం అచ్చయి పద్నాలుగేళ్ళు. అందుకే కుక్ అంకెను పక్కన పెట్టి, ఆ గదిలో ఘోరం జరిగిందన్న మాట వరకు తీసుకుంటాను.

మీర్ జాఫర్ మీద అబద్ధం రాసినవాణ్ణి ఇక్కడ ఎందుకు నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. గట్టి ప్రశ్నే. జవాబు ఆ లేఖలోనే ఉంది. మనిషి తనకు లాభించే అబద్ధం ఆడతాడు. చెమట పీల్చానని, మూత్రం నోట పెట్టానని రాయడం పెద్దమనిషికి ఆ రోజుల్లో పరువు తెచ్చేది కాదు. అంతకంటే ముఖ్యం, సిరాజుద్దౌలా ఆజ్ఞ రాత్రికి బందీలను భద్రంగా ఉంచమన్నంత వరకేనని, ఆ గదిలోకి తోసింది కింది జమేదార్ల కక్ష అని తన నమ్మకంగా రాసింది హాల్వెలే. శత్రువును పూర్తిగా దోషిని చేసే అవకాశం చేతిలో ఉండి, ఆ మాట రాశాడు. వైద్యుడు మాట్లాడుతున్న చోట కచేరీ దొర కలం ఆగింది. అంకెల దగ్గర మళ్ళీ కదిలింది. ఈ తేడా చూడకుండా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిషు రచయితలు, 1840లో మెకాలేతో సహా, ఆ రాత్రిని నవాబు క్రూరత్వానికి ముద్రగా వాడుకున్నారు. ఆ గది అసలు కోటలో ఎందుకుంది, ఇంగ్లిషు వాళ్ళకు దానితో ఏం పని అని అడిగినవాడు జేమ్స్ మిల్ ఒక్కడే గుర్తొస్తున్నాడు.

ఒక మాట మన వైపు చరిత్రకు సంబంధించింది. కలకత్తా పడిన వార్త 1756 ఆగస్టులో మద్రాసు చేరేనాటికి అక్కడి కౌన్సిల్ సైన్యాన్ని సిద్ధం చేస్తున్నది హైదరాబాద్ కోసం. నిజాం సలాబత్ జంగ్‌తో చెడిన ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పుడు అక్కడి చార్ మహల్‌లో తలదాచుకుని ఉన్నాడు. ఆ బలగాన్ని బెంగాల్‌కు మళ్ళించారు. క్లైవ్ అక్టోబరులో ఓడెక్కాడు, బుస్సీ దక్కనులో నిలదొక్కుకున్నాడు. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచి వాళ్ళ పట్టు మరో రెండేళ్ళు సడలకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

1760లో హాల్వెల్ మృతుల పేర్లతో సొంత ఖర్చు మీద ఒక స్తంభం కట్టించాడు. పాడుబడి 1821లో కూలగొట్టారు. 1902లో వైస్రాయ్ కర్జన్ పాలరాతితో మళ్ళీ నిలబెట్టాడు. 1940 జులైలో దాన్ని తీసేయాలని సుభాష్ చంద్రబోస్ పిలుపునిస్తే హిందువులూ ముస్లింలూ కలిసి కదిలారు. బోస్‌ను అరెస్టు చేశారు, స్తంభాన్ని సెయింట్ జాన్ చర్చి ఆవరణలోకి మార్చారు. ఆ ఉద్యమం న్యాయమైనదే. తీర్పు రాసినవాడి అంకెను రాతిలో చెక్కి నగరం నడిబొడ్డున నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ గదిలో ఊపిరాడక చచ్చినవాళ్ళు ఉన్నారన్నది మాత్రం స్తంభంతో పాటు పక్కకు జరిగే సంగతి కాదు.

పోటీ పరీక్షల గైడ్లు ఇప్పటికీ బందీలు 146, మృతులు 123 అని రెండు అంకెలు ఇచ్చి ముందుకు వెళ్ళిపోతున్నాయి. చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఆ అంకెల పక్కన ‘హాల్వెల్ చెప్పిన ప్రకారం’ అన్న మూడు మాటలు చేర్చండి, వీలైతే నవాబును గురించి అతనే రాసింది కూడా పిల్లలకు చెప్పండి. వచ్చే భాగంలో మీర్ ఖాసిం గద్దెకు కంపెనీ కట్టిన ధర చూద్దాం.